టికెట్ మీది ఆ ఒక్క అంకెతో ఏం తెలుసుకోమంటారు, మంత్రిగారూ?

పౌర విమానయాన శాఖ మంత్రిగారికి నమస్కారం.

విమాన టికెట్ మీద ప్రయాణ సమయమని ఒక్క అంకె వేసి ఊరుకుంటున్నారు. దూరం, గాల్లో ఉండే సమయం, మొత్తం ప్రయాణ సమయం విడివిడిగా వేయించమని వినతిపత్రాలు ఇచ్చాం. అందినట్టు రసీదులొచ్చాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాం.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి భూగోళం వంపు మీద కొలిస్తే దగ్గరి దారి సుమారు 12,400 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున భాగిస్తే పద్నాలుగు గంటలలోపే వస్తుంది. జనం ఈ లెక్కే వేసుకుంటారు. కొందరైతే విమానాల, ఓడల దూరాలకు వాడే నాటికల్ మైలును మామూలు మైలనుకుని, కిలోమీటర్లలోకి మార్చడానికి 1.852 బదులు 1.609తో గుణిస్తారు. 5,000 నాటికల్ మైళ్ల దారిలో 1,215 కిలోమీటర్లు అక్కడే మాయం!

విమానం మాత్రం స్కేలు పట్టుకుని ఎగరదు కదండీ. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే ప్రయాణాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ దారి కంటే 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. పడమటి నుంచి తూర్పుకు చాలా ఎత్తులో బలంగా వీచే గాలి, జెట్ స్ట్రీమ్, వెనక నుంచి తోసింది, అంతే. అదే గాలి ఎదురైతే? లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి ఎనిమిది గంటలు, తిరుగు ప్రయాణానికి ఏడు. దూరం మాత్రం అదే. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసుకున్నాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. ఇవన్నీ మీకు తెలియవని కాదు. తెలిసీ ప్రయాణికుడికి చెప్పించకపోవడమే మా బాధ.

ఇక అసలు మాయ. టికెట్ మీది సమయం గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద అడ్డాలు తీసిన దగ్గర్నుంచి, దిగాక మళ్లీ పెట్టేదాకా. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడటం అన్నీ అందులోనే. ఆ పైన విమాన కంపెనీలు జాగ్రత్తకని ఇంకొన్ని నిమిషాలు కలుపుతాయి. పావుగంటలోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే లెక్క. కాబట్టి నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం కూడా "సమయానికే" దిగుతుంది. ఎంత సమయపాలనండీ! చప్పట్లు కొట్టమంటారా?

దీనికి తోడు గడియారాల గోల. బయల్దేరేది మన టైములో, దిగేది వాళ్ల టైములో. శాన్‌ఫ్రాన్సిస్కోతో తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే దిగే టైము గంట మారుతుంది. అక్కడ తర్వాతి విమానం అందుకోవాల్సిన పెద్దవాళ్లు ఈ తీసివేతలు ఎలా చేస్తారు?

మూడు అంకెలూ విడిగా వేయించండి. రానూ పోనూ సమయాలు వేరుగా చూపించండి. ఇంధనం కోసం ఆగే చోటు టికెట్ కొనేముందే చెప్పించండి. మళ్లీ అడుగుతున్నాం, ముందే. గగనతలం మూసుకుని దారి మారితే, కొత్త సమయం ఆ రోజే ఫోన్‌కి రావాలి, బోర్డింగ్ గేటు దగ్గర మైకులో కాదు.

ఇట్లు,
దూరప్రయాణాల విమాన ప్రయాణికులు