ఏటివైపు పాత తోట గురించి

పిన్యావ్, దౌరో లోయ, పోర్చుగల్

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఏటివైపు పాత ద్రాక్షతోటను పెరికించి, ట్రాక్టరు తిరిగేలా చదును చేయించి, ఒక్కొక్క రకాన్ని విడివిడి వరుసల్లో నాటుదామంటూ నువ్వు పంపిన లెక్కలు శ్రద్ధగా చదివాను. కూలీలు దొరకడం గగనమైందనీ, చేతి కోతకయ్యే ఖర్చు ద్రాక్ష ధరకు కిట్టడం లేదనీ నువ్వన్నది అక్షరాలా నిజం. పై వాలులో నీ ఇష్టప్రకారమే చేయించు. ఆ పాత తోటను మాత్రం ముట్టుకోవద్దని బతిమాలుకుంటున్నాను.

1860లలో వచ్చిపడిన, తీగ వేళ్లను పీల్చే ఫిలాక్సెరా పురుగు ఈ లోయలోని తోటలను ఎండగట్టాక, దాన్ని తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద మన రకాలను అంటుగట్టి మళ్లీ నిలబెట్టిన పెద్దల పద్ధతి అది. తూరిగా నాసియొనాల్, తూరిగా ఫ్రాంకా, తింతా అమరేలా, సోజావ్ ద్రాక్ష రకాలన్నిటినీ ఒకే వరుసలో కలగలిపి నాటారు. వానకు తింతా అమరేలా గుత్తులు కుళ్లిన ఏడాది పక్క తీగలు ఆదుకుంటాయి. ఎండకు తక్కినవాటిలో పులుపు తగ్గిన ఏడాది సోజావ్ పులుపునూ చిక్కటి రంగునూ ఇస్తుంది. కోతలయ్యాక వెళ్లి చూస్తే, ఒక తీగ ఆకు ఎర్రబడుతుండగా దాని పక్క తీగ ఇంకా పచ్చగానే ఉంటుంది. వాటన్నిటినీ ఒకే రోజు కోసి, గ్రానైటు తొట్టిలో వేసి కాళ్లతో తొక్కితే వచ్చే రుచిని, విడివిడిగా పులియబెట్టిన రసాలను తర్వాత కలిపి రప్పించడం నా చేత కాలేదు, నేను చూసినంతలో మరెవరి చేతా కాలేదు.

నేల సంగతి కూడా ఆలోచించు. నిలువునా పలకలుగా చీలిన షిస్టు రాతి సందుల్లోంచి ఆ వేళ్లు నీటి కోసం లోతుకు దిగాయి. సున్నం లేకుండా పేర్చిన రాతికట్టు, చలికాలపు వాననీటిని సందుల్లోంచి జారవిడుస్తుంది కనుకనే నిలిచి ఉంది. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు చూసింది ఇలాంటి కట్టలనే.

నీ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. బ్రాందీ కలిపి చేసే మన పోర్టు వైను ఎంత చేసుకోవచ్చో తేల్చే తోటల శ్రేణికి వాలు, ఎత్తు, నేల, రకాలతో పాటు తీగ వయసుకూ పాయింట్లు ఉన్నాయి. పాత తీగలు పోతే ఆ పాయింట్లూ పోతాయి. పైగా 1986 వరకు పోర్టు ఎగుమతి ఏరు సముద్రంలో కలిసే చోటి గాయా ఊరి గిడ్డంగుల మీదుగానే సాగేది, మనలాంటి చిన్న కుటుంబాలు పెద్ద వ్యాపారులకు అమ్ముకోవలసి వచ్చేది. ఇప్పుడు సీసా మీద మన పేరే వేసుకోగలుగుతున్నాం. ఆ పేరుతో అమ్మదగిన వైను ముఖ్యంగా ఆ తోటలోనిదే.

అందుకని నాదొక కోరిక. ఏ తీగ ఏ రకమో మీ తాతయ్య ఆకు చూసి చెప్పగలరు. ఆయన తర్వాత చెప్పేవారు లేరు. కోతలకు ముందే, ఆకులూ గుత్తులూ తీగ మీద ఉండగా, ఒక వారం సెలవు పెట్టి రా. ఆయన చెబుతుంటే ప్రతి తీగకూ గుర్తు కట్టి పుస్తకంలో రాయి. విలా రియాల్‌లో నువ్వు చదివిన చదువు అక్కడ బాగా అక్కరకు వస్తుంది. చలికాలం కత్తిరింపుల్లో ఆ తీగల కొమ్మలనే దాచి, చచ్చిన తీగల చోట అంటుగడదాం. పై వాలుకు ట్రాక్టరు ఎప్పుడు కావాలో కూడా ఆ వారంలోనే తేల్చుకుందాం.

ఇట్లు,
మీ నాన్న