గామాకి, గుంటూరు మేడమ్‌కి, జిరాక్స్ బాబాయ్‌కి... కాస్త ఆలస్యంగా

మొన్న సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. అన్ని పేపర్లూ పాసయ్యాను. మార్కులు నలుగురికీ చెప్పుకునేంత ఏం రాలేదు. కానీ ఈ పరీక్షలకి నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటి కూడా నాది కాదు. ఒక్కోటి ఒక్కొక్కరిది. వాళ్లకి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను గానీ, ఫోన్లో నాకు మాట రాదు. "సరే మేడమ్, ఉంటాను మేడమ్" అని పెట్టేస్తాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదువుతున్నాను. మాది విజయవాడ సింగ్‌నగర్. నాన్న ఆటో నడుపుతారు.

లా పుస్తకాల సంగతి తెలియని వాళ్లకి కొంచెం చెప్పాలి. ప్రతి సబ్జెక్టుకీ ముందు బేర్ యాక్ట్ కావాలి, అంటే చట్టాన్ని ఉన్నది ఉన్నట్టు అచ్చేసిన పుస్తకం. అది అర్థం కావాలంటే టెక్స్ట్ బుక్ కావాలి. లెక్చరర్లు ఇంకో మందపాటి కామెంటరీ, అంటే సెక్షన్ సెక్షన్‌కీ వివరణ ఉన్న పుస్తకం, పేరు చెప్తారు, దాని ధర చూసి మనం గైడు కొనుక్కుని వచ్చేస్తాం. ఇన్నాళ్లూ మాలాంటి వాళ్లని గట్టెక్కించినవి పాత పుస్తకాలే. నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ 1860 నాటిది, సాక్ష్యాల సంగతి చెప్పే ఎవిడెన్స్ యాక్ట్ 1872 నాటిది, అరెస్టు నుంచి విచారణ దాకా పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ 1973ది. సవరణలు ఎన్ని వచ్చినా సెక్షన్ నంబర్లు చాలావరకు అవే. అందుకని సీనియర్ చదివిన పుస్తకం జూనియర్‌కి, అక్కడి నుంచి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుకి, ఆ షాపు నుంచి మళ్లీ నాలాంటి వాడికి తిరుగుతూ ఉండేది. నేను మొదటి ఏడాది చదివిన ఒక పుస్తకం లోపలి అట్ట మీద నా కంటే ముందు నలుగురి పేర్లున్నాయి.

2024 జూలై 1న ఆ తిరుగుడు ఆగిపోయింది. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో సాక్ష్య అధినియం. ఐపీసీలో 511 సెక్షన్లు ఉంటే కొత్త దాంట్లో 358. హత్యకి శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. ఏ కేసూ తెలియని మా నాన్నకి కూడా తెలిసిన 420 వెళ్లి 318లో కూర్చుంది. లెనిన్ సెంటర్‌లో షాపాయన పాత సీఆర్‌పీసీ పుస్తకాల దొంతర చూపించి "ఇక ఇవి కిలోల లెక్కేనయ్యా" అన్నాడు.

మూడు చట్టాలకీ అన్నీ కొత్తవే కొన్నాను. మొత్తం 5,860 రూపాయలు. లెక్క ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే అందులో రెండు వేలు అమ్మ చీటీ డబ్బులు. పుస్తకాలు ఊరికే ఇవ్వాలని నేను అనను, ఎవరో కూర్చుని రాస్తేనే కదా వచ్చేది. కానీ నేను కొన్న ఒక పుస్తకంలో పాత ఎడిషన్‌కి సెక్షన్ నంబర్లు మార్చి, ధర పెంచి వదిలారు. నాలుగో చాప్టర్ మధ్యలో ఇంకా "ఐపీసీ" అనే ఉంది. ఏ పబ్లిషరో చెప్పను. చట్టాల పాఠం ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగానే ఉంటుంది, సుప్రీంకోర్టు తీర్పులు కూడా 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే కోర్టు సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని వాడుకుంటాను. కానీ మొదటిసారి చదివేవాడికి సెక్షన్ ఒక్కటే ఇస్తే చాలదు, పక్కన కూర్చుని చెప్పే పుస్తకం ఒకటి ఉండాలి.

ఆ పుస్తకాలన్నింటికీ అట్టలు వేసి పేరు రాసుకున్నాను. మా క్లాసులో ఒకతను రెండు రోజులకి ఒకటి ఇమ్మంటే "నేనే చదువుతున్నాను" అని అబద్ధం చెప్పాను. ఇది చదివితే అతను నన్ను క్షమించాలి.

కొత్త చట్టాలు వచ్చిన సరిగ్గా రెండు నెలలకి బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది.

సెప్టెంబర్ 1, ఆదివారం. తెల్లారి లేచేసరికి మంచం కింద చెప్పులు తేలుతున్నాయి. మాది గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఇల్లు. అమ్మ బియ్యం డబ్బా ఎత్తుకుంది, నాన్న ఆటో దగ్గరికి పరిగెత్తారు, నేను సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నాను. పైన ఓనర్ గారి వాటాలోకి ఎక్కి కిందికి చూస్తే గుమ్మం సగం కనిపించడం లేదు. పుస్తకాలు అప్పుడు గుర్తొచ్చాయి.

నీళ్లు తీశాక చూస్తే షెల్ఫులో ఉన్నవి పుస్తకాల్లా లేవు. ఉబ్బిపోయి, ఒకదాన్నొకటి నొక్కుకుని, బయటికి లాగడానికి రాలేదు. ఒక్కోటి ఇటుకంత బరువు. సాక్ష్య అధినియం మీద నేను ఎర్ర పెన్నుతో గీసిన గీతలన్నీ కరిగి పేజీలు గులాబీ రంగుకి తిరిగాయి. నున్నటి కాగితం పుస్తకమైతే పూర్తిగా అతుక్కుపోయింది, విప్పబోతే పేజీకి పేజీ ఊడి వచ్చింది. డాబా మీద దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేస్తే వడియాల్లా ఎండి వంకర్లు తిరిగాయి. ఆ బురద వాసన మాత్రం వదల్లేదు.

ఇక గామా గురించి. పేరు రాయొద్దన్నాడు. డిగ్రీలో మేం పెట్టిన పేరు వాస్కోడిగామా, వాడుకలో గామా మిగిలింది. చదువు బీకామ్, పని డెలివరీ, అసలు వృత్తి తిరుగుడు. జేబులో మూడొందలు పెట్టుకుని జనరల్ బోగీలో అరకు పోయి వచ్చిన రకం. రాత్రిపూట కొండపల్లి కోట ఎక్కుతానని పోయి కుక్కలు వెంటపడితే ఒక చెప్పుతో తిరిగొచ్చాడు. వాళ్ల నాన్న వాడి మాట వస్తే చాలు, "తిరిగే కాలు" అని నిట్టూరుస్తారు. నేనూ లోపల్లోపల అదే అనుకునేవాణ్ని. లా చదువుతున్నాను కదా, వాడి కంటే ఒక మెట్టు పైన ఉన్నానని.

వరదలో మూడో రోజు. పడవలు మెయిన్ రోడ్డు దాకా వస్తున్నాయి, మా సందులోకి రావడం లేదు. డ్రోన్లు ఆహారం పొట్లాలు తెస్తున్నాయని విన్నాం గానీ మా డాబా మీద ఒక్కటీ పడలేదు. మధ్యాహ్నం కింద నుంచి ఎవరో ఈల వేశారు. చూస్తే గామా. నడుముకి తాడు, తాడుకి లారీ ట్యూబు, ట్యూబు మీద ప్లాస్టిక్ తట్ట. తట్టలో పాల ప్యాకెట్లు, రెండు వాటర్ క్యాన్లు, కొవ్వొత్తులు, ఒక పవర్ బ్యాంక్. ఫ్లైఓవర్ దగ్గర దిగి ఛాతీ లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడట.

"పాములున్నాయిరా నీళ్లలో!" అని అరిచాను.

"అవి కూడా వరద బాధితులేరా, ఏమనవు" అన్నాడు.

అమ్మ ఏడుపూ నవ్వూ కలిపి వాడి తల తుడిచింది. ఆ రోజు మా మేడ మీద ఉన్న మూడు కుటుంబాల పిల్లలు తాగినవి వాడు తెచ్చిన పాలే. మర్నాడు మళ్లీ వచ్చాడు. పక్క సందులో ఒక ముసలావిడకి షుగర్ మాత్రలు కూడా తెచ్చాడు, ఎవరు చెప్పారో తెలియదు.

వినాయక చవితి నాటికి బుడమేరు గట్టుకి పడ్డ గండ్లు పూడ్చారు, నీళ్లు మెల్లగా తీశాయి. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 మాకూ వచ్చింది. ఆటో రిపేరు, గ్యాస్ స్టవ్, పరుపులు అని అమ్మ కాగితం మీద రాసుకుంటుంటే పుస్తకాల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఒక్క గామాతో అన్నాను, అదీ మాటల్లో. వాడు లిస్టు రాసిమ్మన్నాడు. హడావుడిగా "క్రిమినల్ లా, ప్రొసీజర్, ఎవిడెన్స్" అని రాసిచ్చాను. చట్టం పేర్లు రాయలేదు. తప్పు అక్కడే జరిగింది.

తర్వాతి ఆదివారం వాడు బండి మీద హైదరాబాద్ పోయాడు. రానూపోనూ ఐదొందల కిలోమీటర్ల పైనే. కోఠిలో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి రాత్రికి ఫోన్ చేశాడు: "పదకొండు పుస్తకాలురా, ఏడొందలకి ఇచ్చేశాడు! ఇంత చవగ్గా ఎందుకిచ్చాడో అర్థం కావట్లేదు." నాకు అప్పుడే అర్థమైపోయింది.

తెల్లవారుజామున వచ్చాడు. దారంతా వాన. తను ముద్దయ్యాడు గానీ పుస్తకాల మూట మీద చుక్క పడలేదు. ఎక్కడో హైవే పక్కన చిరిగి వేలాడుతున్న ఫ్లెక్సీ కోసి చుట్టాడు. విప్పుతుంటే ముందు ఎవరో నాయకుడి మీసం, తర్వాత "జన్మదిన శుభాకాంక్షలు", దాని లోపల ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్. పదకొండూ పాతవే.

ఆ క్షణంలో నేనన్న మాట ఇక్కడ రాయాలి, ఎందుకంటే అది విన్నవాళ్లు మా ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. "ఊళ్లన్నీ తిరగడం కాదురా, దేశంలో చట్టం మారిన సంగతి తెలియదా" అన్నాను. నిద్ర లేకుండా వానలో బండి తోలుకొచ్చిన వాడితో. వాడు ఏం అనలేదు. ఫ్లెక్సీ మడత పెట్టుకుని వెళ్లిపోయాడు. అమ్మ నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఒరేయ్ గామా, ఆ మాటకి సారీ. నీ ముందు చెప్పబోతే నువ్వు టాపిక్ మార్చేస్తావు కాబట్టి అందరి ముందూ చెప్తున్నాను.

అలిగాడనుకున్నాను. వాడు అలగలేదు, గుంటూరు పోయాడు. ఎప్పుడో పాపికొండలు పోయినప్పుడు లాంచీలో ఒక లాయరు మేడమ్ కుటుంబం పరిచయం అయిందట. వీడికి రెండు నిమిషాలు చాలు, ఎవరైనా అక్కో బాబాయో అయిపోతారు. ఆ పరిచయం పట్టుకుని ఆవిడ ఆఫీసుకి వెళ్లి, "అక్కా, మా వాడి పుస్తకాలు బుడమేరు చదివేసింది" అన్నాడట. ఆవిడ మారుమాట లేకుండా తన టేబుల్ మీద ఉన్న న్యాయ సంహిత కామెంటరీ, సురక్షా సంహిత పుస్తకం తీసి ఇచ్చేశారు. నన్ను ఆవిడ చూసింది కూడా లేదు.

మేడమ్, మీ పుస్తకం గురించి మీకు ఫోన్లో చెప్పలేనిది ఒకటుంది. ప్రతి సెక్షన్ పక్కనా మీరు పెన్సిల్‌తో పాత నంబర్ రాసుకున్నారు. 106 పక్కన "పాత 304ఏ". అలా మొదటి నుంచి చివరి దాకా. నాకు సగం సిలబస్ ఆ పెన్సిల్ రాతల్లోనే అర్థమైంది. ఒక పేజీ అంచున "గ్యాస్ బుకింగ్, కరివేపాకు" అని కూడా ఉంది. అది చెరపలేదు. పాత పుస్తకాలు పదకొండు ఉన్నాయని చెప్తే మీరన్న మాట కూడా గుర్తుంది: "పారేయకు నాన్నా, జూలై 1కి ముందు జరిగిన నేరాలకి పాత చట్టమే. నేను ఇంకో పదేళ్లు వాటితోనే కోర్టుకి పోవాలి." నేరం జరిగిన నాటి చట్టం ప్రకారమే శిక్ష అని రాజ్యాంగం 20వ అధికరణంలో చదివాను గానీ, గామా మూట అందులోకి వస్తుందని తట్టలేదు. ఇప్పుడు సెలవుల్లో ఒక లాయరు గారి దగ్గర ఫైళ్లు మోస్తున్నాను. ఫైలు తెరిస్తే ఇంకా 420లే. కోఠి పుస్తకాలు రోజూ తీస్తున్నాను.

సాక్ష్య అధినియం టెక్స్ట్ బుక్ ఇచ్చింది నేను అబద్ధం చెప్పిన ఆ క్లాస్‌మేటే. అడక్కుండానే ఇచ్చాడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

మా లైబ్రేరియన్ గారు "రిఫరెన్స్ మాత్రమే" అని స్టిక్కర్ ఉన్న పుస్తకాన్ని ఇంటికి ఇవ్వలేదు, రూలు రూలే. కానీ తాళం వేసే టైము దాటినా నేను నోట్సు రాసుకునేదాకా బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చాలా సాయంత్రాలు. థాంక్స్ సార్.

జిరాక్స్ బాబాయ్ కొన్ని చాప్టర్లు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి, సగం డబ్బులే తీసుకున్నారు. పేజీలు తిప్పుతూ "ఇది కాపీరైట్ కేసవుద్దేమో చూడయ్యా లాయరూ" అని భయపడ్డారు. అప్పుడు ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపు కథ చెప్పాను. 2012లో పెద్ద పెద్ద విదేశీ పబ్లిషర్లు ఆ చిన్న షాపు మీద కేసు వేస్తే, పాఠం చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ తీసుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, మరుసటి ఏడాది పబ్లిషర్లు కేసు వదులుకున్నారు. మొత్తం పుస్తకం అచ్చు దించడానికి అది లైసెన్సు కాదని కూడా చెప్పాను. బాబాయ్ అంతా విని, "అయితే ఆ షాపు ఇప్పటికీ నడుస్తోందా?" అని అడిగారు. నా తొలి క్లయింటు ఆయనే అనుకుంటాను. ఫీజు స్పైరల్ బైండింగ్.

వచ్చే ఆదివారం గుంటూరు వెళ్లి మేడమ్ పుస్తకాలు ఇచ్చి వస్తాను. కోఠి పదకొండూ నా దగ్గరే ఉంటాయి. మా కాలేజీ జూనియర్లకి ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్లొచ్చు, లోపలి అట్ట మీద పేరు మాత్రం రాయాలి.

గామా ఇప్పుడు సైకిల్ మీద నల్లమల దారిలో శ్రీశైలం పోతానంటున్నాడు. నా రెయిన్ కోటు అడిగితే ఇచ్చాను. లారీ ట్యూబుకి పంచర్ వేయించిన అరవై రూపాయలు నేను వాడికి ఇంకా బాకీ. ఎప్పుడు ఇవ్వబోయినా "వడ్డీ పెరగనీ" అంటాడు.