జూన్ నుంచి షాపులో మధ్యాహ్నం మూడు నుంచే ఉంటాను

అక్కలకు, చెల్లెళ్లకు, ఆంటీలకు నమస్తే. షట్టరు మీద అంటించిన కాగితం చూసి చాలామంది ఫోన్ చేస్తున్నారు, ఒక్కొక్కరికీ చెప్పలేక అందరికీ ఒకేసారి రాస్తున్నాను. మన టైలరింగ్ షాపు మూసేయడం లేదు. హనుమకొండ వదిలి వెళ్లడమూ లేదు. బడులు తెరిచిన రోజు నుంచి పొద్దున పూట ఉండను, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను. పొద్దున పూట మేధో వైకల్యం ఉన్న పిల్లల బడిలో స్పెషల్ టీచరుగా చేరుతున్నాను.

"నడుస్తున్న షాపు పెట్టుకుని ఈ వయసులో టీచరుద్యోగం ఏంటి?" అని అడిగేవాళ్లకి కూడా చెప్పేస్తాను. మా పెద్దోడు మీకందరికీ తెలుసు, కౌంటరు పక్కన కూర్చుని దారపు రీళ్లు రంగుల వారీగా పేర్చేవాడు. వాడికి ఆటిజం, దాంతోపాటు మేధో వైకల్యం. థెరపీకి తీసుకెళ్తే నలభై అయిదు నిమిషాలు చేయించి పంపిస్తారు, మిగతా రోజంతా వాడు నాతోనే కదా, ఆ మిగతా రోజులో ఏం చేయాలో నాకు తెలియాలి అనిపించింది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ, పాత పేరు ఎన్.ఐ.ఎమ్.హెచ్. (మా వైపు పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆ పేరే తెలుసు). వాడి పరీక్షల కోసం అక్కడికి వెళ్లినప్పుడు ట్రైనింగులో ఉన్న అమ్మాయిలు పిల్లలకి నేర్పడం చూశాను. ఈ కోర్సు ఎలా చేరాలమ్మా అని వాళ్లనే అడిగాను.

దారులు రెండు. ఇంటర్ చదివినవాళ్లకి రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్, డిగ్రీ ఉంటే బి.ఎడ్. స్పెషల్. నాకు ఎప్పటిదో బీకాం ఉంది కాబట్టి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎంట్రన్స్ రాసి బి.ఎడ్. స్పెషల్‌లో చేరాను, రెండున్నరేళ్లు. దూరవిద్య కదా, పరీక్షలప్పుడు చదువుకుంటే చాలు అనుకుని ఎవరూ చేరకండి. క్లాసులకి వెళ్లాలి, బడిలో టీచింగ్ ప్రాక్టీస్ చేయాలి, రికార్డులు రాయాలి. కిందటి దసరాకి కొందరి జాకెట్లు పండగ ముందు రోజు రాత్రి దాకా చేతికి రాలేదు, అందుకు కారణం ఆ రికార్డులే. కోర్సు పాసవడంతో కూడా అయిపోదు, ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టరులో పేరు ఎక్కి నంబరు రావాలి. ఆ కౌన్సిల్ 1992 చట్టం ప్రకారం ఆ నంబరు లేకుండా స్పెషల్ టీచరుగా పనిచేయకూడదు. నాకు నంబరు వచ్చింది, అందుకే ఇప్పుడు ఈ కబురు.

చదువులో నాకు బాగా పట్టుబడింది ఐ.ఈ.పి., అంటే ఒక్కొక్క పిల్లాడికి విడిగా రాసే ప్లాను. అందులో "తన పనులు తాను చేసుకుంటాడు" అని రాస్తే మా మేడం కొట్టేసేవారు. కొలతల పుస్తకంలో "కాస్త లావు" అని రాసుకుంటే జాకెట్టు కుదురుతుందా? "చొక్కా పై బొత్తం, ఎవరూ చెప్పకుండా, అయిదు సార్లలో నాలుగు సార్లు పెట్టుకుంటాడు" అని రాయాలి.

ఆ బొత్తం నేర్పే పద్ధతి కూడా చెప్తాను, ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్లకి పనికొస్తుంది. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు: బొత్తం పట్టుకోవడం, కాజా అంచు పట్టుకోవడం, సగం దూర్చడం, అవతలి నుంచి లాగడం. నేర్పేది మాత్రం చివరి మెట్టు నుంచి. ముందు మూడూ మనమే చేసి పెట్టి ఆ చివరి లాగుడు ఒక్కటే పిల్లాడికి వదలాలి, పని పూర్తిచేసింది తనే కాబట్టి వాడి మొహం వెలిగిపోతుంది. అది వచ్చాక దూర్చడం కూడా వాడికే, అలా వెనక్కి వెనక్కి. నేను మందం కాటన్ ముక్క మీద పెద్ద కాజాలు కుట్టి, కోటు బొత్తాలు పెట్టి ఒక పలక తయారుచేశాను, రోజురోజుకీ కాజా సైజు తగ్గిస్తూ వచ్చాను. మీ లైనింగులు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ అలాంటి పలకలకే పోయాయి, అడగనందుకు ఏమీ అనుకోకండి.

జీతం సంగతీ దాచను. బడివాళ్లు ఇచ్చేది శ్రావణమాసంలో షాపు మీద వచ్చేదానికి దరిదాపుల్లో కూడా ఉండదు. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు. కాబట్టి మిషను వదిలే ఆలోచన నాకు లేదు, నా ఇల్లు గడిచేది మీ జాకెట్ల మీదే.

ఇక ఆర్డర్ల సంగతి. మగ్గం వర్క్ కొత్తవి తీసుకోవడం ఆపేశాను, అడ్వాన్స్ ఇచ్చినవాళ్లవి మాత్రం పూర్తిచేసి ఇస్తాను. ఫాల్, పీకో, హుక్స్ పనులు మా అసిస్టెంటు చూసుకుంటుంది, తను పొద్దున కూడా ఉంటుంది కానీ కొలతలు తీసుకోదు, దయచేసి బలవంతపెట్టకండి. లైనింగ్ జాకెట్టుకి యాభై రూపాయలు పెంచాను. బతుకమ్మ, దసరా బట్టలు ఆగస్టు నెలాఖరులోపు ఇస్తేనే పండక్కి అందుతాయి, ఆ తర్వాత తెచ్చినవి దీపావళికే.

పిల్లల గురించి మాట్లాడాలనుకునే తల్లిదండ్రులు ఆదివారం పొద్దున పది తర్వాత ఇంటికే రండి. డబ్బులేమీ వద్దు, నాకు తెలిసింది చెప్తాను, తెలియనిదానికి బోయిన్‌పల్లికే వెళ్లమంటాను. సదరం సర్టిఫికెట్ ఉంటే వెంట తెండి. జాకెట్టు ముక్కలు మాత్రం తేకండి, ఆ గంటలో కొలతలు తీయను.

సంక్రాంతి నుంచి బీరువాలో పడి ఉన్నవి పదకొండు కవర్లున్నాయి, పేర్లు కవరు మీదే రాసి ఉన్నాయి. ఈ నెలలో వచ్చి తీసుకెళ్లండి, ఆ అర పుస్తకాలకి కావాలి.