మూకీ సినిమాలు, మన డీజే పిల్లగాండ్లు: సినిమా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్తే. ఈసారి నివేదికల ఎక్కువ జాగ మూకీ సినిమాలకే పోయింది, ఏడాదంతా మనం చెమటోడ్చింది దానిమీదనే గదా.

సంగతి ఎట్ల మొదలైందంటే, దాదాసాహెబ్ ఫాల్కే 1919ల తీసిన కాళీయ మర్దన్ అనే కిష్ణుని మూకీ చూపిద్దాం, దానికి పాలమూరుల బరాత్‌లకు డీజే కొట్టే మన పిల్లగాండ్లతోనే కొత్త మ్యూజిక్ చేయిద్దాం అని మీటింగుల ఒక మాటొచ్చింది. పెద్దమనుషులు గరమైన్రు, దేవుని సినిమాకు డీజే ఏంది అని. వాళ్ళ బాధ నాకు అర్థమైంది, కానీ మూకీ సినిమా ఏనాడూ సప్పుడు లేకుండ ఆడలే, హాల్ల తెర పక్కన హార్మోనియం, తబలా పెట్టుకొని కూసునేటోళ్ళు, చదువురానోళ్ళ కోసం నడుమ నడుమ తెర మీద పడే రాతలు చదివి కథ చెప్పేటాయన ఉండేటోడు, ఒక ఊర్ల విన్న మ్యూజిక్ ఇంకో ఊర్ల ఉండకపోయేది. అంటే ఎవరి కాలంల ఏ వాయిద్యం ఉంటే అదే వాయించిన్రు. ఇప్పుడు మన పిల్లల చేతిల ఉన్న వాయిద్యం లాప్‌టాప్.

బయట కూడ చేసిన్రు. 1927 నాటి జర్మన్ మూకీ మెట్రోపొలిస్‌ను 1984ల జార్జియో మొరోడర్ అనే మ్యూజిక్ డైరెక్టర్ రంగులద్ది, పాప్ పాటలు పెట్టి రిలీజ్ చేసిండు. దాన్ని మనం కూసొని చూసినం, నాకైతే పాటలు బొమ్మను మింగేసినట్టే అనిపించింది, పాటల మాటలు వినాల్నా మొఖాలు చూడాల్నా తెలువదు. 2004ల పెట్ షాప్ బాయ్స్ అనే ఇంగ్లండ్ పాప్ బ్యాండోళ్ళు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ల బాటిల్‌షిప్ పొటెంకిన్ అనే రష్యా మూకీకి ఆర్కెస్ట్రాతోని కలిపి వాయించిన్రు. ఇవన్నీ మాట్లాడుకున్నంక మనం ఒక్కటే నియమం పెట్టుకున్నం, పాట వద్దు, మాట వద్దు, సప్పుడు మాత్రమే.

అసలు తిప్పలు స్పీడ్ కాడ వచ్చింది. అప్పుడు కెమెరా చేత్తో తిప్పేది, సెకనుకు 16, 18 ఫ్రేములు (బొమ్మలు) అట్ల, అది కూడ తిప్పేటాయన చెయ్యిని బట్టి మారేది. టాకీలు వచ్చినంక 24 అయింది. 16తోని తీసింది 24ల ఆడిస్తే గంట సినిమా 40 నిమిషాలల్ల అయిపోతది, మనుషులు ఉరికినట్టు నడుస్తరు. మనకు మొదట దొరికిన కాపీ అట్లనే ఉండె. పిల్లలు దాని మీద తీన్మార్ వేసేసరికి కిష్ణుడు నవ్వులాటకు ఎగిరినట్టే అయింది, నాకు పానం ఉసూరుమన్నది. బొమ్మను నెమ్మది చేసి, మ్యూజిక్ మొత్తం పక్కన పడేసి మళ్ళ మొదటి నుంచి చేసినం. రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలు వాళ్ళు పెళ్ళిళ్ళ గిరాకీ ఇడిసిపెట్టుకున్నరు, ఇది మీరంతా గుర్తుపెట్టుకోవాలె.

కిష్ణాష్టమి రాత్రి వేసినం. మాట్లాడుకున్న ఫంక్షన్ హాలోళ్ళు ఆఖరికి వేరేటోళ్ళకు ఇచ్చేసిన్రు, అందుకే బడి గ్రౌండ్ల తెర కట్టినం. కిష్ణుని వేషం వేసింది ఫాల్కే బిడ్డ మందాకిని, చిన్న పిల్ల. మొదట్ల ఆ పిల్ల మొఖం ఒక్కటే తెర నిండ ఉంటది, నవ్వుతది, కోపం చేస్తది, అక్కడ మావోళ్ళు సింథ్ (కరెంటు కీబోర్డు) మీద ఒక్కటే సన్నటి స్వరం పట్టి ఉంచిన్రు. కిష్ణుడు యమునల దుంకంగనే మొత్తం బంద్ చేసిన్రు. డీజే కొట్టే పిల్లలు సప్పుడు ఆపుడు చిన్న ముచ్చట కాదు. గ్రౌండ్ల ఒక్కరు మెదలలే, ముందట కూసున్న ముసలవ్వ ‘అయ్యో బిడ్డ’ అన్నది వెనకదాంక ఇనొచ్చింది. నాగుపాము పడగ మీద కిష్ణుడు లేసినప్పుడు మాత్రం రికార్డు చేసి పెట్టుకున్న డప్పు సప్పుడు వదిలిన్రు, బాస్‌తోని కింద నేల అదిరింది. ముందు గరమైన పెద్దమనుషులు లేసొచ్చి పిల్లల భుజం తట్టిన్రు.

మన తెలుగోళ్ళ తొలి మూకీ, 1921ల రఘుపతి ప్రకాష్ తీసిన భీష్మ ప్రతిజ్ఞ, ఇట్ల వేద్దామంటే ప్రింటే మిగల్లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధైతది. అందుకే ఉన్నవన్న జనాలకు చూపియ్యాలె.

వచ్చే బుద్ధ పూర్ణిమకు నాగార్జునసాగర్ల బుద్ధుని కథ మీద 1925ల వచ్చిన ప్రేమ సన్యాస్ వేద్దామని కమిటీ అనుకున్నది. మన దేశంల సినిమా మీద హక్కు 60 ఏళ్ళకే పోతది కాబట్టి సినిమాకు ఇబ్బంది లేదు. ఈసారి సింథ్‌తోపాటు పన్నెండు మెట్ల కిన్నెర పెట్టాలని పిల్లల కోరిక. కిన్నెర వాయించేటోళ్ళు మీ ఊర్లల్ల ఎవరన్న ఉంటే దసరా లోపల చెప్పున్రి, వాళ్ళకు ఇచ్చే పైసలు చందాలకెళ్ళి ముందుగాల్నే పక్కకు తీసి పెట్టినం.