పొత్తు ‘సెట్’ అంటే ఏమిటండీ?

సంపాదకులు గారికి నమస్కారాలు.

మొన్న మీ జిల్లా పేజీలో ‘పొత్తు సెట్!’ అని పెద్ద శీర్షిక చూసి, సరే, మా వార్డులో ఎవరు ఎవరికి ఓటెయ్యాలో తేలిపోయిందనుకున్నాను. వార్త చదివితే తేలిందల్లా ఒక్కటే: వచ్చే వారం రెండు పార్టీల నాయకులు కూర్చుని మాట్లాడుకుంటారట. పొత్తు కుదరలేదు, మాటలకు తేదీ మాత్రం ఖరారైంది. ఇంగ్లీషులో ‘సెట్’ అంటే కుదిరిందనీ అనుకోవచ్చు, సిద్ధంగా ఉందనీ అనుకోవచ్చు. తెలుగులో ఆ రెంటికీ చాలా దూరం ఉంది. ఎన్నికల ముందు మరీను.

నేను తెనాలిలో ప్రెస్సు నడుపుతాను. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను రోజుల్లో కేసులోంచి, అంటే అరల పెట్టెలోంచి, అచ్చు అక్షరాలు ఏరి కూర్చిన చెయ్యి ఇది. ఇప్పుడు ఆఫ్‌సెట్టు. చూశారా, అక్కడా అదే మాట! పేపరు చేతికొస్తే వార్త కన్నా ముందు మాట కనబడటం మా వృత్తిలో వాళ్లకు ఉన్న జబ్బు. ఆ రోజు మీ పేపరంతా తిరగేశాను. వ్యవసాయం పేజీలో పంపుసెట్లు, చదువుల పేజీలో లాసెట్, సినిమా పేజీలో ఎవరిదో కొత్త చిత్రం ‘సెట్స్ పైకి’. వార్త చూస్తే షూటింగ్ మొత్తం అడవిలోనట, అక్కడ సెట్ వేసిందెవరో! ఆటల పేజీలో బ్యాడ్మింటన్ ‘మూడో సెట్’ అని వేశారు. టెన్నిస్‌కైతే సెట్ సరే గానీ బ్యాడ్మింటన్ నియమాల్లో దాన్ని గేమ్ అంటారు. 2016లో రియోలో సింధు ఫైనల్ ఆడిందీ మూడు గేములే.

ఆ మాట మీద నాకు పగేమీ లేదు. దాని వంశం పెద్దది. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ఇదే. 1989 నాటి రెండో కూర్పులో ఒక్క క్రియాపదంగానే 430 అర్థాలు, ఆ వివరణే సుమారు 60,000 మాటలు. మా ప్రెస్సు లెక్కలో అదొక చిన్న పుస్తకం. తర్వాత కొత్త కూర్పు పనిలో ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసిందనుకోండి.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఇంగ్లీషులో ‘సెట్’ నిజానికి ఒక్క మాట కాదు. వస్తువుల వరస అనే అర్థంలో వాడే ‘సెట్’ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. క్రియగా వాడేది వాళ్ల ఇంటి మాటే, ‘సిట్’కు చుట్టం. కూర్చోబెట్టడం దాని అసలు పని. పుట్టుకలు వేరైనా స్పెల్లింగు ఒకటే కావడంతో కలిసిపోయాయి.

మనమూ ఈ రెంటినీ వేరువేరుగా చూడాలని నా మనవి. మొదటిదాన్ని మనం ఎప్పుడో మనవాళ్లలో కలిపేసుకున్నాం. రైతు ‘పంప్‌సెట్’ అనడు, ‘పంపుసెట్టు’ అంటాడు. బస్సు, టిక్కెట్టు, ప్యాకెట్టు లాగే చివర ఉకారం తగిలించుకుని విభక్తులకు లొంగింది: పంపుసెట్టుకు, పంపుసెట్టుతో. 2004లో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకమైన నాటి నుంచి మేం అచ్చేసిన ఎన్నికల కరపత్రాల్లో ఆ మాట లేనిది అరుదు. స్టీలు సామాను సెట్టు, సోఫా సెట్టు, కమ్మల సెట్టు, వీటి జోలికి వెళ్లమని నేను చెప్పను. లాసెట్, ఐసెట్, ఎడ్‌సెట్‌లైతే అసలు ఈ కుటుంబమే కాదు. వాటి చివరి ‘సెట్’ ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఇంగ్లీషు పొడి అక్షరాలు, ‘సి’తో మొదలవుతుంది. లెక్చరర్ల అర్హత పరీక్ష ‘సెట్’ మాత్రం ‘ఎస్’తో మొదలవుతుంది. మన లిపిలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

పేచీ అంతా రెండోదానితో, ‘సెట్ అయింది’, ‘సెట్ చెయ్యి’లతో. శుభలేఖలకు వచ్చిన ఒక కుర్రాడు మొన్న నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: “బాబాయ్ గారూ, అక్కకి మ్యాచ్ సెట్ అయింది. హాలు కూడా సెట్ చేశాం. మ్యాటర్ మీరే సెట్ చేసెయ్యండి. కానీ ఈ కార్డుకి ఆ ఎరుపు సెట్ కాలేదండీ.” సంబంధం కుదిరింది, హాలు మాట్లాడారు, మ్యాటర్ కూర్చాలి, ఎరుపు నప్పలేదు. నాలుగు పనులకు నాలుగు మాటలుండగా నాలుగు చోట్లా ఒకదాన్నే నిలబెట్టాడు. వాణ్ణి తప్పుపట్టను, వాడు చదివే పేపరూ చూసే టీవీ అలాగే మాట్లాడుతున్నాయి.

చొక్కా సరిపోవడం కొలతకు సంబంధించింది. నప్పడం చూపుకు సంబంధించింది. సరిపోయి నప్పని చొక్కాలు నా బీరువాలో చాలానే ఉన్నాయి. సామాను పెట్టెలో ఇమిడిందంటే కాస్త కష్టపడి పట్టిందని. విరిగింది అతుకుతుంది, పాలు తోడుకుంటాయి, జ్వరమొచ్చిన మనిషి కుదుటపడతాడు. ‘వాళ్లిద్దరికీ పొసగదు’ అన్నామంటే ఇద్దరూ మంచివాళ్లే కావచ్చు, ఒకచోట మాత్రం ఉండలేరని. ‘సెట్ కాదు’ అన్నాక ఆ మర్యాద ఎక్కడుంది? నాయకుల మధ్య పొసగకపోయినా పొత్తు కుదరవచ్చు, మన రాష్ట్రాల్లో అలాంటివి చూస్తూనే ఉన్నాం. ఆ వార్తను ‘సెట్’తో రాయమనండి చూద్దాం.

ఒక మాటకు వంద అర్థాలుండటం నేరమని నేననను. మన ‘పెట్టు’ సంగతి చూడండి. ఇంగ్లీషువాడు ‘సెట్’ అనేచోట చాలావరకు మనం ‘పెట్టు’ అంటాం: అలారం పెట్టు, ముహూర్తం పెట్టు, నిప్పు పెట్టు, షరతు పెట్టు. అక్కడితో ఆగుతుందా? కోడి గుడ్డు పెడుతుంది, వియ్యపురాలు పేచీ పెడుతుంది, అల్లుడికి బట్టలు పెడతాం, ఆ బట్టల కోసం గొలుసు తాకట్టు పెడతాం. పేరు, బొట్టు, దండం, వాత, కేసు, అన్నం, అన్నిటికీ అదే. అయితే ‘పెట్టు’ ఒంటరిగా తిరగదు. పక్కనున్న మాట చెయ్యి పట్టుకుని ఏ పనో చెప్పేస్తుంది. ‘పొత్తు సెట్’లో పొత్తు ఏమైందో చెప్పేవాడే లేడు.

మేస్త్రి ‘సిమెంటు సెట్ అవ్వాలి’ అంటే, గట్టిపడాలని, నాకు అభ్యంతరం లేదు. అది వాళ్ల పనిలో లెక్కగల మాట. బస్తా సిమెంటుకు మొదటి సెట్టింగు 30 నిమిషాలకన్నా ముందు కాకూడదని ప్రమాణమే ఉంది. కోర్టులో డిక్రీ సెట్ అసైడ్ (రద్దు) చేయించుకోవడం, ఆదాయపు పన్నులో నష్టాన్ని సెట్ ఆఫ్ (ఆదాయంలో సర్దుబాటు) చేసుకోవడం కూడా అలాంటివే. మా ప్రెస్సులోనూ ఒక సెట్ ఆఫ్ ఉంది: ఆరని సిరా పై కాగితం వీపుకు అంటుకోవడం. ఎవరి వృత్తి మాట వాళ్లది.

మీ సబ్ ఎడిటర్లు చోటు చాలదంటారు. కాలమ్ కొలతలు నాకు కొత్త కాదు. ‘సెట్’ రెండక్షరాల్లో పడుతుంది, నిజమే. కానీ మొన్నటి శీర్షికకు ఇచ్చిన చోటులో అదే సైజు టైపులో ‘పొత్తు చర్చలకు తేదీ ఖరారు’ అని కూర్చి చూశాను. అక్షరాలు ఇరుక్కోకుండా పట్టింది. నిజంగా కుదిరిన రోజున ‘కుదిరిన పొత్తు’ అని వెయ్యండి, ఇంకా చోటు మిగులుతుంది. శీర్షికల వరకైనా ఈ క్రియకు సెలవివ్వమని మీ డెస్కుకు చెబితే చాలు. లోపలి వార్తలో ఒకటీ అరా వస్తే సర్దుకుంటాం.

ఉత్తరం వేస్తే నా పేరు వెయ్యకండి. పెళ్లిళ్ల సీజను, శుభలేఖలకొచ్చే పిల్లలతో తగువెందుకు.

— ఒక ప్రెస్సు యజమాని, తెనాలి