డార్క్ చాక్లెట్ మంచిదే. ఏది, ఎంత అన్నదీ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

డార్క్ చాక్లెట్ గుండెకు మేలు చేస్తుందని, బీపీని తగ్గిస్తుందని, షుగర్‌ను దరి చేరనివ్వదని ఆరోగ్య పేజీల్లో తరచుగా వస్తున్న కథనాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. హనుమకొండలో మందుల దుకాణం నడుపుతున్నదాన్ని కాబట్టి ఆ కథనాలు ఎవరిదాకా చేరుతున్నాయో, చేరిన తర్వాత ఏమవుతున్నదో రోజూ చూస్తున్నాను. బీపీ మాత్రల చీటీ చేతికిచ్చి, కౌంటర్ మీద ఉన్న డబ్బాలోంచి ఒక చాక్లెట్ తీసి, "ఇది గుండెకు మంచిదట కదా మేడమ్, రోజూ తినొచ్చా?" అని అడిగేవారు ఈ మధ్య బాగా పెరిగారు. పరకాల, నర్సంపేట వైపు నుంచి పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లూ వారిలో ఉంటారు. వారు చదివిన దానిలో నిజముంది. అయితే తెలుసుకోవలసిన మిగతా సగం అచ్చులోకి రావడం లేదు.

ముందుగా నిజమైన సగం గురించి చెబుతాను. కోకో గింజలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలుంటాయి. వాటిలో ఎపికాటెచిన్ ముఖ్యమైనది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను మరికొంత ఎక్కువగా విడుదల చేయడానికి ఇవి తోడ్పడతాయి కనుక నాళాలు సడలి రక్తప్రసరణ సులువవుతుంది. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్‌తో ఈ ప్రయోజనం ఉంటుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో అంగీకరించింది. అయితే ఆ ప్రయోజనం ఎంత? 35 పరీక్షలను, 1,800 మందికి పైగా మనుషుల ఫలితాలను కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో బీపీ సగటున 1.8 పాయింట్ల మేర మాత్రమే తగ్గింది. డాక్టరు రాసే మాత్ర ఒక్కటి మామూలుగా దీనికి నాలుగైదు రెట్లు తగ్గిస్తుంది. అమెరికాలో 21 వేల మందికి పైగా వృద్ధులపై జరిగి 2022లో వెలువడిన కాస్మాస్ పరిశోధనలో, రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ తీసుకున్నవారిలో గుండెజబ్బు మరణాలు 27 శాతం తగ్గినా, గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి లెక్కిస్తే వచ్చిన తేడా నమ్మదగినంతగా తేలలేదు. అక్కడ ఇచ్చినవి చాక్లెట్లు కావు, కోకో సారం నింపిన క్యాప్సూల్స్. ఆ పరిశోధనకు కొంత సొమ్ము చాక్లెట్ కంపెనీ వైపు నుంచి వచ్చిందన్న సంగతి కూడా పాఠకులకు తెలియాలి.

ఇక దుకాణంలో దొరికే చాక్లెట్ సంగతి. మా దుకాణానికి వచ్చేవారికి నేను రేపరు వెనకవైపు తిప్పి చూపిస్తుంటాను. మన దేశ నిబంధనల ప్రకారం కలిపిన పదార్థాలను బరువు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. ముందువైపు బంగారు రంగు అక్షరాలతో 'డార్క్' అని ఉన్న చాలా చాక్లెట్ల వెనక మొదటి పేరు చక్కెర. అంటే అందులో కోకో కన్నా చక్కెరే ఎక్కువ కావచ్చు. 80 గ్రాముల పట్టీలో సగం చక్కెర అయితే అది 40 గ్రాములు. మనిషి రోజు మొత్తం మీద విడిగా కలుపుకునే చక్కెర వీలైతే 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరికొన్నింటిలో కోకో బటర్‌కు, అంటే కోకో గింజలోని కొవ్వుకు, బదులు చవకైన వనస్పతి కొవ్వు కనిపిస్తుంది. 70 శాతం కోకో అని ఉన్నదానికి కూడా ఒక మెలిక ఉంది: ఆ శాతంలో కోకో బటర్ కూడా కలిసి ఉంటుంది, ఫ్లావనాల్స్ ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెప్పదు. గింజను పులియబెట్టి వేయించేటప్పుడు అవి కొంత పోతాయి. చేదు, వగరు తగ్గించి రంగు నలుపెక్కడానికి కోకోను క్షారంతో శుద్ధి చేస్తే చాలావరకు పోతాయి. కాబట్టి నల్లగా ఉన్నంత మాత్రాన మంచిదనుకోవడానికి వీల్లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది షుగర్ ఉన్నవారి విషయం. వారానికి ఐదుసార్లో అంతకంటే ఎక్కువో డార్క్ చాక్లెట్ తినేవారిలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం 21 శాతం తక్కువని 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనాన్ని పట్టుకుని, చాక్లెట్ తింటే షుగర్ తగ్గుతుందన్నట్లు ప్రచారం సాగుతోంది. ఆ అధ్యయనం జబ్బు లేనివారిని ఏళ్ల తరబడి గమనించి రాసిన లెక్క. అటువంటి లెక్కలో చాక్లెట్ తినేవారి మిగతా తిండి, నడక, ఆదాయం ప్రభావాన్ని పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. జబ్బు వచ్చాక అది మందులా పనిచేస్తుందని అందులో ఎక్కడా లేదు. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. ఇంతమంది చదివే పేజీలో ఆ ఒక్క వాక్యం వదిలేయడం చిన్న విషయం కాదు.

ఆడపిల్లలకు రక్తం పడుతుందని చాక్లెట్ కొనే తల్లులూ ఉన్నారు. నల్ల చాక్లెట్‌లో ఇనుము ఉన్నమాట నిజమే, 100 గ్రాములకు 12 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాని కోకోలోని పాలీఫినాల్స్ (ఫ్లావనాల్స్ కూడా వీటిలోవే) ఆ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగవద్దని చెప్పినట్లే చాక్లెట్ కూడా వద్దని చెప్పాలి. కిడ్నీలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవారికి కోకోలోని ఆక్సలేట్లు, ఛాతీలో మంటతో బాధపడేవారికి రాత్రి భోజనం తర్వాత తినే ముక్క ఇబ్బంది కలిగిస్తాయి. 2022లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ పరీక్షించిన 28 డార్క్ చాక్లెట్లన్నింటిలోనూ సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు కనిపించాయి. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో రోజూ తినమనే సలహా ఇవ్వకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇష్టమున్న ఆరోగ్యవంతులు 70 శాతం దాటిన కోకో ఉన్న చాక్లెట్ 20 గ్రాములు, అంటే రెండు చిన్న ముక్కలు, తింటే తప్పులేదని నా అభిప్రాయం. దానితో వచ్చే సుమారు 120 కేలరీలను మిగతా తిండిలో తగ్గించుకోవాలి. కొనలేనివారు చింతించవలసిన పనీ లేదు. ఫ్లావనాల్స్ టీలో, ఆపిల్‌లో కూడా ఉంటాయి. జూన్ రాగానే మన సంతల్లో రాశులు పోసే నేరేడు పండ్లకు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు కూడా ఆ కుటుంబానికి చెందినవే.

ఇకమీదట ఇటువంటి కథనం వేసినప్పుడల్లా ఎన్ని గ్రాములో, రేపరు మీద ఏమి చూడాలో, ఎవరు తినకూడదో పక్కనే ఒక చిన్న పెట్టెలో అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. చాక్లెట్ తింటున్నాం కనుక బీపీ మాత్ర మానవచ్చా అన్న ప్రశ్నకు మానకూడదన్న జవాబు మాత్రం ఆ పెట్టెలో కాక, కథనం మొదటి పేరాలోనే ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ