తప్పుడు కేసు పెట్టినవాళ్లను అడిగేదెవరు? కేంద్ర న్యాయశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారూ, నమస్కారం.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో ఒక హాస్టల్లో జరిగిన హత్య గురించి ఢిల్లీలో మీరు విన్నారో లేదో కానీ, ఇక్కడ తెలియని ఇల్లు లేదు. నరాల జబ్బుతో సరిగ్గా నడవలేని ఒక పేద కుర్రాణ్ని 2008లో పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు, 2010లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. లెక్కేస్తే జైల్లో గడిచిన నెలకి అటూ ఇటూగా వెయ్యి రూపాయలు.

పోలీసుల సంగతి సరే, ఇలాంటి కేసుల్ని కోర్టులో నడిపే ప్రాసిక్యూషన్‌ని ఎవరడుగుతారు? ఏపీపీల (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అంటే ప్రభుత్వం తరఫున కేసు వాదించే లాయర్లు) తిప్పలు నాకు తెలియనివి కావు, పొద్దున్నే బల్ల మీద ఆ రోజు వాయిదాల కట్టలు పేర్చి ఉంటాయి, సాక్షి బోనెక్కుతుంటే అప్పుడు వాంగ్మూలం పేజీ వెతుక్కుంటారు. ఓడిన ప్రతివాడూ వాళ్ల మీద కేసు వేస్తానంటే ఆ ఉద్యోగం ఎవరూ చేయలేరు, కాబట్టి కొంత రక్షణ ఉండాల్సిందే. కానీ పొరపాటుకీ, నిందితుడికి పనికొచ్చే ఆధారాన్ని తెలిసి తొక్కిపెట్టడానికీ ఒకే గొడుగు పడితే ఎలాగండీ?

డ్యూటీలో చేసిన పనికి ప్రభుత్వ అధికారి మీద కేసు నడపాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే పాత సీఆర్‌పీసీ 197 సెక్షన్ ఇప్పుడు, దాని స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 218 అయింది. అనుమతి మీద 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే అన్నారు, అది మంచి మార్పే, ఒప్పుకుంటా. అయితే 119వ రోజున "కుదరదు" అని ఒక కాగితం పంపితే? అనుమతి ఇవ్వాల్సింది కూడా ఆ అధికారికి జీతమిచ్చే ప్రభుత్వమే కదా.

నిర్దోషిగా తేలిన ప్రతి కేసునీ పరిశీలించి, తప్పు చేసిన దర్యాప్తు అధికారినీ ప్రాసిక్యూటర్నీ గుర్తించాలని సుప్రీంకోర్టు 2014లోనే, గుజరాత్ నుంచి వచ్చిన కిషన్‌భాయ్ కేసులో, అన్ని రాష్ట్రాల హోంశాఖలకీ చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో అలా ఎంతమందిని గుర్తించారో కనుక్కుని బయటపెట్టించగలరా?

ఇక పరిహారం. కారణం లేకుండా అరెస్టయితే బీఎన్‌ఎస్‌ఎస్ 399 కింద మహా అయితే 1,000 రూపాయలు, అదీ అరెస్టు చేయించిన ప్రైవేటు మనిషి జేబులోంచి. చట్టమంతా కొత్తగా రాశారు, ఈ వెయ్యిని మాత్రం ముట్టుకోలేదు! తప్పుడు ప్రాసిక్యూషన్ బాధితులకి ప్రత్యేక కోర్టులు, ప్రభుత్వం నుంచి పరిహారం ఉండాలని లా కమిషన్ 277వ నివేదిక 2018లోనే మీ శాఖకి ఇచ్చింది. దాన్ని బిల్లుగా ఎప్పుడు తెస్తారు? తెచ్చే ఉద్దేశం లేకపోతే ఆ మాటే పార్లమెంటులో చెప్పండి.